పచ్చంటే ఏ పచ్చ

నాకు కుళ్ళు ఎక్కువ. ఈ మాట మొదటే చెప్పేస్తే మీకూ నాకూ మంచిది. పక్కవాడి పని నా పని కంటే బాగుందని ఎవరైనా అంటే ఆ పూట నాకు అన్నం సయించదు. మా ఆవిడ ఈ సంగతి పెళ్ళయిన నెలకే కనిపెట్టింది. మిల్లుల్లో తోటివాళ్ళు కనిపెట్టలేకపోయారంటే నేను మంచివాణ్ణని కాదు, లోపల ఎంత మండుతున్నా ముఖం మామూలుగా పెట్టుకోవడం నాకు చేతనవును.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు కొందరు నా అనుభవాలు రాయమని అడిగారు. ఏ ఏడు ఏ హోదా వచ్చిందో, ఏ కాగితం ఏ బల్ల మీద ఆగిందో రాస్తే చదివేవాళ్ళకు నిద్ర వస్తుంది, రాసే నాకు ముందే వస్తుంది. మిల్లు ఇంజనీరు పనంటే అసలు వేడిని కనిపెట్టుకుని ఉండటం. తిరిగే ఇనుము వేడెక్కుతుంది. దాని పక్కనే పత్తి ఉంటుంది. వేడిని ముందు పసిగట్టినవాడు మిల్లు నడుపుతాడు, వెనక పసిగట్టినవాడు బూడిద ఎత్తుతాడు.

అందులోనూ నేనిక్కడ చెప్పేది ఒక్క సంగతే. వెలుగునిచ్చే ఒక పొడితో వేడిని కొలవడం మా మూడు ఊళ్ళ మిల్లుల్లోకి వచ్చింది, కొన్నాళ్ళు నడిచింది, పోయింది. అది ఎందుకు పోయిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

బేరింగు టోపీకి జ్వరం

నేను పనిలో చేరినప్పుడు మన రాష్ట్రానికి కర్నూలు రాజధాని. మద్రాసులో డిప్లమా చదివి వచ్చి, ప్రొద్దుటూరులో చెన్నయ్య శెట్టిగారి దగ్గర చేరాను. ఆయనకు ప్రొద్దుటూరులో ఒకటి, పులివెందులలో ఒకటి జిన్నింగు మిల్లులుండేవి, అంటే పత్తి నుంచి గింజను వేరుచేసేవి. జమ్మలమడుగులో ఉన్నది శెనక్కాయల నూనె మిల్లు. మూడింటికీ కలిపి ఇంజనీరును నేనే. బస్సుల్లో తిరిగి తిరిగి నా నడుము అప్పుడే పడిపోయింది.

శెట్టిగారు చదివింది నాలుగో తరగతి. బట్టల కొట్టులో గుమాస్తాగా మొదలైన మనిషి. మిల్లులోకి వస్తే ముందు ఇంజను దగ్గరకు పోయేవాడు కాదు, కప్పు కింద తిరిగే పొడుగాటి ఇరుసు దగ్గరకు పోయేవాడు. దాన్ని షాఫ్టు అంటాం. ఆ షాఫ్టు నుంచే బెల్టులతో అన్ని యంత్రాలూ తిరుగుతాయి. అది ఆనుకుని తిరిగే బేరింగుల మీద ఆయన తన చేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. అరచేయి ఎందుకు ఆనించరని అడిగాను.

"అరచెయ్యి పనిచేసి మొద్దుబారి ఉంటాదప్పా. ఎనక చెయ్యి ఇంకా సోమరిదే. సోమరోనికి సురుకు తొందరగా తగులుతాది" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. డిప్లమా చదివినవాణ్ణి గదా. మద్రాసు నుంచి తెచ్చుకున్న గాజు థర్మామీటరును బేరింగు పైమూతకు కట్టి, రోజుకు మూడుసార్లు అంకె రాసేవాణ్ణి. ఒకరోజు అంకె బ్రహ్మాండంగా ఉంది, షాఫ్టు మాత్రం పొగ కక్కింది. పైమూతకూ షాఫ్టుకూ మధ్య గాలి చొరబడే సందుంది. నేను కొలిచింది మూత వేడి.

శెట్టిగారు అందరి ముందరా అన్నాడు: "నీ గాజుపుల్ల బేరింగు టోపీకి జొరం చూసినాది రమణప్పా. రోగం టోపీకి గాదు గదా."

ఆ మాట నన్ను ఎంత మండించిందో చెప్పలేను. కానీ మాట నిజం. ఏ వస్తువు వేడి కావాలో ఆ వస్తువునే కొలవాలి, దాని పక్కింటిదాన్ని కాదు. తిరుగుతున్న షాఫ్టుకు థర్మామీటరు ఎలా కడతారు? కట్టలేరు. ఆ చిక్కు అలాగే పదేళ్ళు నడిచింది. ఈలోగా రాజధాని హైదరాబాదుకు పోయింది, నాకు కొడుకు పుట్టాడు, ప్రొద్దుటూరు మిల్లులో రెండుసార్లు పత్తి కాలింది.

మూర్తిగారి పొడి

రెండోసారి పత్తి కాలాక శెట్టిగారి బంధువొకాయన మద్రాసు నుంచి ఒక సైంటిస్టును వెంటబెట్టుకొచ్చాడు. పేరు మూర్తి. కాకినాడవైపు మనిషి, సన్నగా, మాట కూడా సన్నగా ఉండేది. ఆయన పెట్టెలో రెండు సీసాలు, ఒక ఊదారంగు దీపం ఉన్నాయి.

ఆ పొడి సంగతి మీకు అర్థమయ్యేటట్టు చెబుతాను. సముద్రపు ఒడ్డు ఇసుకలోంచి కొన్ని మూలకాలు తీస్తారు. పుస్తకాల్లో వాటిని విరళ మృత్తికలు అంటారు, అంటే అరుదైన మన్నులు. వాటిలో కొన్నింటిని సరైన పదార్థంలో కలిపి, వాటి మీద కంటికి కనిపించని ఊదా వెలుగు వేస్తే, అవి తమ రంగులో వెలుగుతాయి. టెర్బియం అనేది ఆకుపచ్చగా వెలుగుతుంది. యూరోపియం ఎర్రగా. మూర్తిగారు రెండూ కలిపారు. చల్లగా ఉన్నప్పుడు ఆకుపచ్చ వెలుగుదే పైచేయి. వేడెక్కే కొద్దీ ఆకుపచ్చ తగ్గిపోతుంది, ఎరుపు నిలబడుతుంది. మధ్యలో రెండూ కలిసి పసుపు, ఆ తర్వాత నారింజ. రంగు చూసి వేడి చెప్పొచ్చు. పొడిని వార్నీషులో కలిపి షాఫ్టుకే పూసేస్తాం గనుక షాఫ్టు తిరుగుతున్నా బాధ లేదు. టోపీ జ్వరం కాదు, అసలు రోగి జ్వరమే తెలుస్తుంది.

నాకు పూనకం వచ్చినంత పనయింది. పదేళ్ళుగా నేను మొత్తుకుంటున్న చిక్కుకు ఇది విరుగుడు. వార్నీషు కలిపింది నేను. షాఫ్టు గీకి పూసింది నేను. చుట్టుపక్కల వెలుతురు పడకుండా రేకు గొట్టం చేయించి, నల్లగుడ్డ కప్పి, అందులో ఊదా దీపం బిగించింది నేను. గొట్టానికి ఈ చివర కన్ను పెట్టి చూస్తే ఆ చివర షాఫ్టు మీద రంగు పట్టీ వెలుగుతూ కనిపించేది. మూర్తిగారు నా భుజం తట్టి, "మీరు లేకపోతే ఇది ఇక్కడ నిలబడదండీ" అన్నారు. ఆ వారం నేను మా వీధిలో తల ఎత్తుకుని నడిచాను.

మస్తాన్ కన్ను

మస్తాన్ మా ప్రొద్దుటూరు మిల్లులో బేరింగులకు నూనె పోసేవాడు. జమ్మలమడుగు మనిషి, నా ఈడువాడే. మిల్లుకు రాకముందు పెళ్ళిళ్ళకూ పీర్ల పండక్కూ గ్యాసులైట్లు బాడుగకిచ్చేవాడు. ఆ లైటులో గుడ్డసంచీలాంటి మ్యాంటిలు కాలి బూడిదై, ఆ బూడిదే తెల్లగా వెలుగుతుంది. ఒకసారి నూనె డబ్బాతో పైకెక్కి, గొట్టం ఖాళీగా ఉంటే కన్ను పెట్టి చూశాడు.

"ఇది మా మ్యాంటిలుకు తమ్ముడు సార్" అన్నాడు.

నేను కసురుకున్నాను. మూర్తిగారు మాత్రం ఎగిరి గంతేసినంత పనిచేశారు. మ్యాంటిలు బూడిదలో ఉన్నవాటిలో ఒకటి ఈ జాతి మన్నేనట. "చదువుకోకుండా ఎలా చెప్పావయ్యా?" అని అడిగారు.

"చెప్పేదేముండాది సార్. ఆ ఎలుగులో మంట లేదు, మన్నుండాది. చూస్తే తెలుస్తాది గదా" అన్నాడు మస్తాన్.

చూస్తే తెలుస్తుందట. నాకు తెలియలేదు మరి.

మూర్తిగారు పరీక్ష పెట్టారు. ఇనుపరేకుకు పొడి పూసి, దాని వెనక వేడిని చూపే తీగల మీటరు తగిలించి, రేకును కుంపటి మీద నెమ్మదిగా వేడిచేశారు. మీటరు ముల్లు ఆయనకు మాత్రమే కనిపిస్తుంది. నేనూ మస్తానూ ఒకరి తర్వాత ఒకరం గొట్టంలో చూసి రంగు చెప్పాలి. నేను "పచ్చ" అన్నచోట మస్తాన్ "పండుటాకు సార్, తమలపాకు పండితే ఉంటాదే, అట్లుండాది" అనేవాడు. నేను "పసుపు" అన్నచోట అతను "చామంతి దాటింది, మోదుగపువ్వు ఇంకా రాలేదు" అనేవాడు. తమలపాకు, పండుటాకు, చామంతి, మోదుగపువ్వు, దానిమ్మ. అతని మెట్లు ఇవి. ప్రతి మెట్టుకూ మధ్య మళ్ళీ లేతవీ ముదురువీ ఉన్నాయి. మూర్తిగారు ముల్లు చూసి, పుస్తకంలో రాసుకుని, తల ఊపేవారు. మధ్యాహ్నానికి నన్ను అడగడం మానేశారు.

నాకు ఎంత కన్ను కుట్టిందంటే, గొట్టం ఎత్తి కుంపటిలో పారేయాలనిపించింది. ఇంకా ఘోరం ఏమిటంటే మూర్తిగారు తన పుస్తకంలో ఆ పువ్వుల పేర్లు తెలుగులోనే రాసుకున్నారు. వార్నీషు కలిపినవాడి పేరు అందులో ఎక్కడా లేదు. నేను దొంగచాటుగా తిరగేసి చూశాను గనుక తెలుసు.

శెట్టిగారు సాయంత్రం వచ్చి విని, "మస్తాను కన్నే ఇంక మన మీటరప్పా" అన్నాడు. నా వైపు తిరిగి, "నువ్వు ఊరికే మొగం చిట్లిచ్చుకుంటాండావేంది?" అని కూడా అడిగాడు. తలనొప్పి అన్నాను.

అప్పట్నుంచి నెల రోజులు మస్తాన్ మూడు ఊళ్ళూ తిరిగి గొట్టంలో చూసేవాడు. బస్సులో నా పక్కనే కూర్చునేవాడు. ముద్దనూరులో బస్సాగితే నాకు టీ తెచ్చిచ్చేవాడు. నా మీద అతనికి ఏ కోశానా చెడ్డ ఆలోచన లేదు. అదే నాకు ఇంకా కష్టంగా ఉండేది. అతను కాస్త విర్రవీగి ఉంటే తిట్టుకోవడానికి వీలుండేది.

నేను రాయించిన పలక

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. మస్తాన్ మాటలు నాకు వినబుద్ధయ్యేవి కావు. పువ్వులేమిటి, ఆకులేమిటి, ఇది మిల్లా పూలంగడా అని నాకు నేనే ఒక న్యాయం చెప్పుకున్నాను. మూర్తిగారు మద్రాసు పోయి వచ్చేలోగా, మూడు మిల్లుల్లోనూ చెక్క పలక రాయించి పెట్టించాను. పచ్చ: నడపవచ్చు. పసుపు: సరుకు వేయడం ఆపాలి. ఎరుపు: ఇంజను ఆపాలి. ఇక మీదట ఈ మూడు మాటలే పలకాలి, వేరే మాట పలికితే నేను లెక్కలోకి తీసుకోను అని మస్తాన్‌కు చెప్పాను.

అతను పలక చదివి, తల గోక్కున్నాడు.

"సార్, ఏమనుకోవద్దు. పచ్చంటే ఏ పచ్చ?"

"పచ్చంటే పచ్చే. ఆకుపచ్చ."

"మా గ్యాసులైటోళ్ళం, లైటుకు దమ్ము తగ్గి పసుపుకు తిరిగితే, పచ్చబడె అంటాము సార్. పచ్చబడెనంటే పంపు కొట్టాలని లెక్క. నోటికి అదే వస్తాది."

"ఇది గ్యాసులైటు కాదు, మిల్లు. నేర్చుకో."

"సరే సార్" అన్నాడు.

మీరు ఆలోచించండి. మన భాషలో చేను పచ్చగా ఉందంటే చల్లని మాట. కళ్ళు పచ్చబడ్డాయంటే కామెర్లు. ఒకటే పచ్చ, వెనక వచ్చే ముక్కను బట్టి ప్రాణం మారిపోతుంది. ఈ సంగతి నాకు తెలియదా? మా అమ్మ నాకు కామెర్లు వచ్చినప్పుడు అన్న మాట అదే. తెలిసే ఆ పలక పెట్టాను. అతని మాటలు తీసేస్తే అతని మెట్లు పోతాయి, అతని మెట్లు పోతే అతనూ నాలాగే మూడు రంగుల మనిషి అవుతాడు. నాకు కావలసింది అదే.

కొత్తవాళ్ళకు నేను గట్టిగా చెప్పే మాట ఒకటుంది. మీటరును చదివే మనిషి ఏ మాటల్లో చదువుతాడో ఆ మాటలు కూడా మీటరులో భాగమే. ముల్లు విరిస్తే అందరికీ కనిపిస్తుంది. మాట విరిస్తే కనిపించదు.

పులివెందులలో

మూర్తిగారు మద్రాసు నుంచి తిరిగి వస్తూ ఒక ఉత్తరం తెచ్చారు. వాళ్ళ ప్రయోగశాలలో ఇలా వెలుగు చూసి చెప్పే పనికి మస్తాన్‌ను తీసుకుంటామని. పక్కా ఉద్యోగం, ఉండటానికి గది. పులివెందుల మిల్లులో ఆఖరి ప్రదర్శన అయ్యాక అతన్ని వెంటబెట్టుకుని పోతారు. శెట్టిగారు ఆ ఉత్తరం పొద్దున్నే నాకు చదివి వినిపించాడు. మద్రాసు ప్రయోగశాల. డిప్లమా చదివిన రోజుల్లో నేను ఆ గేటు బయట నిలబడి లోపలికి చూసినవాణ్ణి. మస్తాన్ ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, మాటిమాటికీ తడుముకుంటున్నాడు.

పత్తి రోజులు. మిల్లు నిండా పని. అంతా పట్టపగలే జరిగింది. నేను కింద ఇంజను దగ్గర ఉన్నాను. ఇంజను ఆపే పిడి మీద నాది తప్ప ఇంకొకరి చేయి పడకూడదని నేనే పెట్టిన నియమం. మస్తాన్ పైన, షాఫ్టు పక్కన పరిచిన చెక్కల మీద బోర్లా పడుకుని గొట్టంలో చూస్తున్నాడు. పత్తి వేసే ఆడవాళ్ళు చెవుల్లో దూది పెట్టుకుని ఉన్నారు, ఆ చప్పుడులో అంతే మరి. శెట్టిగారూ మూర్తిగారూ బయట వరండాలో కాగితాలు చూసుకుంటున్నారు.

మస్తాన్ తల తిప్పి నా వైపు అరిచాడు. "పచ్చబడె సార్, పచ్చబడె."

నాకు వినిపించింది. పూర్తిగా వినిపించింది. 'బడె' కూడా వినిపించింది. పసుపుకు తిరిగిందని అర్థమైంది. పత్తి వేయడం ఆపమని ఆడవాళ్ళకు సైగ చేసి, పిడి లాగితే సరిపోయేది.

నేను పలక వైపు చూశాను. పచ్చ: నడపవచ్చు. చెయ్యెత్తి, సరే కానీ అన్నట్టు ఊపాను.

అతను మళ్ళీ అరిచాడు. ఈసారి చేతులు కూడా ఆడించాడు. నేను ఇంజను వైపు తిరిగి, గుడ్డతో ఏదో తుడుస్తున్నట్టు నిలబడ్డాను. లోపల ఒక ఆశ ఉంది, దాచుకోవడం దేనికి. ఈ ఒక్కసారి తప్పు అతనిది కావాలి.

ఎంతసేపు? ఒక మనిషి పైనుంచి దిగి రావడానికి పట్టేంత సేపు కూడా లేదు. బేరింగు పట్టేసింది. బెల్టు కాలిన వాసన వచ్చింది. పత్తి అంటుకుంది. దిగి వస్తే ఆలస్యమవుతుందని మస్తాన్ పైనుంచే బెల్టును చేతులతో తోసి పడగొట్టాడు. కుడిచేయి మణికట్టు దాకా కాలింది. అప్పుడు లాగాను నేను పిడి. ఇసుక చల్లారు, నీళ్ళు పోశారు. మనుషులందరూ బయటపడ్డారు. గోడవారగా వేసిన పత్తంతా పోయింది.

విచారణ

మస్తాన్ చేతికి కట్టు కట్టించాక వరండాలో కూర్చోబెట్టి అడిగారు. శెట్టిగారు కోప్పడలేదు. నెమ్మదిగా అడిగితేనే ఆయనంటే భయం.

"రమణప్పా, మస్తాను నీకు చెప్పినాడా?"

"చెప్పాడు."

"ఏమని?"

నేను ఎంతో ఆలోచించి చెప్పానని అనుకోకండి. నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "పచ్చగా ఉంది అన్నాడు."

మూర్తిగారు పెన్ను ఆపి మస్తాన్ వైపు తిరిగారు. "పచ్చగా ఉంది అన్నావా, పచ్చబడింది అన్నావా? బాగా గుర్తు తెచ్చుకో. తేడా ఉంది."

మస్తాన్ నా ముఖంలోకి చూశాడు. నేను ముఖం మామూలుగా పెట్టుకోవడంలో ఘనుణ్ణని ముందే చెప్పాను.

"పచ్చబడెనన్నాననే అనుకుంటాండా సార్" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఆ సప్పుట్లో నాకూ సరిగ్గా తెల్దు. రమణ సార్ అట్ల ఇన్నాడంటే, అట్లే అనుంటా. సార్‌కు అబద్ధం చెప్పాల్సిన పనేముండాది" అన్నాడు.

ఆ మాటతో అయిపోయింది. చూసేవాడి పొరపాటు అని మూర్తిగారు రాసుకున్నారు. మస్తాన్ జేబులోంచి ఉత్తరం తీసి, ఎవరూ అడగకుండానే, ఎడమచేత్తో మూర్తిగారి ముందు పెట్టాడు. వారం తిరక్కుండా జమ్మలమడుగు వెళ్ళిపోయాడు. శెట్టిగారు ఉండమన్నా ఉండలేదు. కన్ను మీద నమ్మకం పోయినాక ఈడేం పని అన్నాడట.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి, లేకపోతే నన్ను సగమే తెలుసుకున్నవాళ్ళవుతారు. గొట్టం తెలిసిన మనిషి ఇంకొకరు లేక మూర్తిగారు ఆ పనికి నన్ను రమ్మన్నారు. వెళ్ళాను. ఆ గేటు లోపలికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళాను. మూడు నెలలు గొట్టంలో చూశాను. నాకు మూడు రంగులే కనిపించేవి. మూర్తిగారు పాత పుస్తకం తెరిచి, "మస్తాన్ ఇక్కడ ముదురు చామంతి అన్నాడు, మీకేం కనిపిస్తోంది?" అని అడిగేవారు. పసుపు అనేవాణ్ణి. ఆయన మర్యాదస్తుడు, పొమ్మనలేదు. నేనే మా అమ్మకు ఒంట్లో బాగాలేదని చెప్పి వచ్చేశాను. మూడు మిల్లుల్లోనూ గొట్టాలు తీసేశారు. మళ్ళీ చేతి వెనక్కే వచ్చాం. ఆ చేతి వెనకతోనే నేను రిటైరయ్యేదాకా నడిపాను. బాగానే నడిపాను, మంచి ఇంజనీరన్న పేరు కూడా వచ్చింది. ఎవరైనా ఆ మాటంటే నాకు మస్తాన్ గుర్తొచ్చేవాడు.

జమ్మలమడుగు

రిటైరైన తర్వాత ఒక ఉదయం బస్సెక్కి జమ్మలమడుగు వెళ్ళాను. మిల్లు పనికి ఆ ఊరు పోతూ కూడా అన్నేళ్ళు మస్తాన్ ఇంటికి ఎందుకు వెళ్ళలేదని అడగండి. భయం. అతను సుఖంగా ఉండి ఉంటే చూడలేనన్న కుళ్ళు కూడా.

కరెంటు వచ్చాక గ్యాసులైట్లు పోయాయి గనుక మస్తాన్ ఇంటి ముందరి గదిలో గొడుగులు, స్టవ్వులు బాగుచేస్తున్నాడు. కుడిచేయి వేళ్ళు సగమే ముడుచుకుంటాయి. నన్ను చూడగానే లేచి నిలబడి, "రాండి సార్, రాండి. యాడనుంచి, ప్రొద్దుటూరు నుంచేనా?" అని స్టూలు తుడిచి వేశాడు. బాగోగులు అడిగాడు. శెట్టిగారు పోయిన సంగతి అతనికి తెలుసు. మూర్తిగారి గురించి అడిగితే నాకూ తెలియదన్నాను.

నేను చెప్పడానికే వచ్చాను, కానీ స్టవ్వుల రిపేరు గురించి అడుగుతూ కూర్చున్నాను. అతనే అడిగాడు.

"సార్, మీరు ఏమీ అనుకోకపోతే ఒక మాట. శానా దినాల నుంచి కడుపులో ఉండాది. ఆ పొద్దు నేను ఏమన్నాను? పచ్చగా ఉండాదన్నానా, పచ్చబడెనన్నానా? ఇన్నోళ్ళు మీరొక్కరే. మల్లా యాడా ఎవురిని అడిగేది?"

"ఎందుకు ఇప్పుడు?"

"ఎందుకంటే ఏం చెప్పేది. ఆ పొద్దుటి నుంచి నేను ఏం చూసినా ఇంకొకరిని అడుగుతాండా సార్. పండు పండిందా లేదా, గుడ్డ రంగు ఏంది, ప్రతిదానికీ ఇంట్లోదాన్ని పిలుస్తా. నా కన్ను సూసింది నా నోరు చెప్పలేదని ఆ పొద్దు తేలిపోయె గదా. ఏది తప్పిందో తెల్దు, కన్నా, నోరా. అది తెలిస్తే సాలు."

నేను చెప్పాను. "పచ్చబడె అన్నావు. రెండుసార్లు అన్నావు. నాకు వినిపించింది. అర్థమైంది కూడా."

కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండు అని కూడా అనుకున్నాను. తిడితే ఏం చెప్పాలో బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చాను. నాకు నీ మీద కుళ్ళు మస్తానూ, నీ కన్ను నాకు లేదని కుళ్ళు, అని చెప్పాలనుకున్నాను.

అతను తిట్టలేదు. స్క్రూడ్రైవరు కింద పెట్టి, లోపలికి తిరిగి, భార్యను పిలిచాడు.

"ఏమ్మే, ఈడికి రా. రమణ సార్ చెప్తాండాడు ఇను. నేను పచ్చబడెననే అన్నానంట. రెండుతూర్లు అన్నానంట. నేను సరిగ్గానే సూసినా, సరిగ్గానే చెప్పినా."

ఆమె గడప దగ్గరకు వచ్చి నన్ను చూసింది. ఆమెకు అంతా అర్థమైందని ఆ చూపులోనే తెలిసింది. మస్తాన్‌కు మాత్రం మిగతాదేదీ అక్కరలేదు. నేను ఎందుకు దాచానని అడగలేదు. తన చేతిని చూపించలేదు. మద్రాసు ఉద్యోగం మాట ఎత్తలేదు. నవ్వుతున్నాడు. కళ్ళు తుడుచుకుంటున్నాడు, మళ్ళీ నవ్వుతున్నాడు. "సార్‌కు టీ పెట్టు" అన్నాడు.

నేనూ పని చేశాను, ముప్పై ఏళ్ళ పైన. పేరు తెచ్చుకున్నాను, దండలు వేయించుకున్నాను. నా పని సరిగ్గా చేశానని తెలిసి అలా ఒక్కరోజు కూడా నేను సంతోషపడలేదు. టీ ఇచ్చారు, తాగాను. ఎదురుగా కూర్చుని నవ్వుతున్న ఆ మనిషిని చూస్తే నాకు మళ్ళీ కడుపు మండింది.